చివరి ఊ

ఆ ఏడు జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు మా పిల్లల్లో ఒక్కరు కూడా ఏడవలేదు. దాని గురించి నేను నలుగురిలో గొప్పలు పోయాను. ఆ గొప్పలు దిగిన సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

వేసవి సెలవుల తర్వాత కాకినాడలో ఏ బడి ముందు నిలబడినా చెవులు చిల్లులు పడతాయి. గేటు ఊచలు పట్టుకుని వదలనివాళ్ళు, అమ్మ కొంగు చేతికి చుట్టుకున్నవాళ్ళు, కడుపునొప్పి అని మెలికలు తిరిగేవాళ్ళు. జకరయ్య గారు హెడ్మాస్టరుగా ఉన్న బడిలో మాత్రం ఆ రోజు మూడో తరగతి పిల్లలు నలభై మంది, మా వకుళతో సహా, పెళ్ళికి వెళ్తున్నంత హుషారుగా లోపలికి నడిచారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.

"ముప్పై ఒక్కేళ్ళ సర్వీసండీ నాది. జూన్ నెల్లో ఈ గేటు దగ్గర ఏడుపు వినపడకపోవడం ఇదే మొదలు," అన్నారు జకరయ్య గారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "అది దిండు కాదు హైమవతి గారూ. తల్లి ఒడి."

ఆ దిండు చేసింది నేనే. తల్లి ఒడి అంటే కాబోలు అనుకున్నాను. పొగిడితే ఎవరికి చేదు?

పోర్టు రోడ్డులో మాదొక చిన్న నిద్ర పరిశోధనశాల. డాక్టర్ కామాక్షి గారు మాకు పెద్ద. మెదడు సంగతి ఆవిడ చూస్తారు, తీగల సంగతి నేను చూస్తాను. సెలవుల్లో పిల్లల నిద్ర ఎలా చెడుతుందో ఇంట్లో పిల్లలున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ ఆఖరుకి రాత్రి పది, మే నడిమికి పదకొండు, ఆ తర్వాత లెక్క ఉండదు. మళ్ళీ జూన్‌లో ఆరింటికి లేపాలంటే ఇల్లిల్లూ రణరంగమే. సగం నిద్రలో ఇడ్లీ నములుతూ వెళ్ళి, బడిలో బల్ల మీద తూలుతూ, రెండు మూడు వారాలకి గానీ దారిలో పడరు. ఆ వారాలన్నిటినీ మేము పదకొండు సెకన్లకి కుదించాం.

పైకి అది మామూలు బూరుగు దూది దిండు. లోపల అప్పడమంత పల్చని రేకు ఒకటి ఉంటుంది. పిల్ల తల ఆన్చగానే ఆ రేకు మెదడు లయ వింటుంది, చెవి వెనకనుంచి దానికి జత కలుస్తుంది, చెయ్యి పట్టుకుని మెట్లు దింపినట్టు నిద్రలోకి దింపేస్తుంది. మొదట వకుళ మీదే పరీక్షించాం. సరిగ్గా ఎనిమిదిన్నరకి అది దిండు మీద వాలి, "అమ్మా, ఇది చల్లగా..." అంది. అంతే, మాట సగంలో ఉండగానే నిద్రపోయింది. తెర మీద గీతలు చూస్తూ కామాక్షి గారూ నేనూ ఊపిరి బిగబట్టాం. అంత లోతైన, అంత నున్నటి నిద్ర మేమిద్దరం ఏ మనిషిలోనూ చూసి ఎరగం. పొద్దున్న ఆరింటికి ఎవరూ లేపకుండా లేచి దుప్పటి మడత పెట్టింది. మా వకుళ, దుప్పటి!

జూలైకల్లా దిండు తీసుకున్న ఆ నలభై మందీ పదిహేడో ఎక్కం తిరగేసి చెబుతున్నారు. తరగతిలో తూగేవాళ్ళు లేరు. వానాకాలం జలుబులు కూడా సగానికి తగ్గాయి. జిల్లాలో మిగతా బడులు మాకూ కావాలని ఉత్తరాలు రాశాయి.

సణిగింది మా అమ్మ ఒక్కతే. పేరు మాణిక్యాంబ. ముప్పై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా పనిచేసి, రిటైరయ్యాక మా దగ్గరే ఉంటోంది. మా ఆయన పోర్టులో ఓడల్ని లాగే టగ్గు పడవ ఇంజనీరు, పదేసి రోజులు ఇంటికి రాని మనిషి. అందుకని వకుళకి రాత్రి కథ చెప్పే డ్యూటీ పుట్టినప్పటినుంచీ అమ్మదే. ఆవిడ కథల్లో రాజులుండరు, రాక్షసులుండరు. ట్రంక్ కాళ్ళుంటాయి, పాతకాలంలో ఆపరేటర్లు ఊరి నుంచి ఊరికి లైను కలిపి పంపే ఫోను కాల్స్.

"అనగనగా ఒక ట్రంక్ కాలు. యానాంలో బయల్దేరింది."

"ఊ."

"సూరమ్మని వెతుక్కుంటూ సామర్లకోట వచ్చింది."

"ఊ."

"సూరమ్మ ఉందా అంటే, లేదు, పిఠాపురం వెళ్ళిందన్నారు."

"ఊ..."

తుని చేరేసరికి ఊ పల్చబడేది. తుని దాటితే ఊ లేదు. ఆ సూరమ్మ చివరికి దొరికిందో లేదో వకుళకి ఎప్పటికీ తెలియలేదు. మా దిండు వచ్చాక కాలు యానాం కూడా దాటలేదు.

"బయల్దేరింది అనేలోపే పిల్ల కట్," అంది అమ్మ.

"నిద్ర పడుతోందిగా అమ్మా. ఇంక కథెందుకు?"

"కథ నిద్ర పుచ్చడానికని నీకెవరు చెప్పేరే?"

ఎదురుప్రశ్నలకి మా అమ్మ పెట్టింది పేరు. నవ్వి ఊరుకున్నాను. నా కూతురు పొద్దున్నే లేస్తోంది, నాకంతకన్నా ఏం కావాలి?

నిజానికి ఆ ఊతో నాకు పాత తగాదా ఒకటుంది. మే నెలలో, దిండు ఇవ్వకముందు, పిల్లలు మామూలుగా ఎలా నిద్రపోతారో కొలవడానికి ఒక్కొక్కర్నీ మా శాలలో మూడు రాత్రులు పడుకోబెట్టాం. తలకి పట్టీ కట్టాం. పక్కన పడుకునే అమ్మకో అమ్మమ్మకో కూడా ఒక పట్టీ కట్టాం, వాళ్ళ కదలికల అలజడిని లెక్కలోంచి తీసెయ్యడానికి. దీపం తీయగానే ప్రతి పెద్దావిడా కథ ఎత్తుకునేది, ప్రతి పిల్లా ఊ కొట్టేది. ఊ అన్న ప్రతిసారీ దవడ కదిలి నా గీతల మీద సిరా ఒలికినట్టు మరకలు పడేవి. వారం రోజులు కూర్చుని ఊలన్నిటినీ ఏరిపారేసే వడపోత ఒకటి రాశాను. గీతలు కడిగిన గాజులా తయారయ్యాయి. కామాక్షి గారు భుజం తట్టారు. ఆ కడిగిన గీతల మీదే దిండు కట్టాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నెలనెలా తల్లిదండ్రులు నింపే కాగితంలో పిల్లల బాధల పట్టిక ఉండేది. తలనొప్పి, పీడకలలు, పక్క తడపడం, బెంగ. ఆ నాలుగోది కామాక్షి గారు స్వయంగా చేర్చారు. ఆవిడని ఏడో ఏటనే హాస్టల్లో వేశారు. "ఆ బెంగతో నేను పడ్డ బాధ ఏ పిల్లా పడకూడదు హైమా," అనేవారు. జూలై కాగితాల్లో బెంగ దగ్గర నలభై సున్నాలు వచ్చాయి. ఆ రోజు ఆవిడ అందరికీ కాజాలు తెప్పించారు.

ఆగస్టులో అమ్మకి కంటి శుక్లం ఆపరేషను. రాజమండ్రిలో మా పిన్ని కూతురు కంటి డాక్టరు. అక్కడే చేయించి, మూడు వారాలు ఉంచుకుని పంపిస్తానంది. నాకు వకుళ గురించే భయం. అంతకుముందు ఏడు అమ్మ రెండు రోజులు పెళ్ళికి వెళ్తే పిల్లకి నూటరెండు జ్వరం వచ్చింది. మందులకి తగ్గలేదు. అమ్మ గుమ్మంలో చెప్పులు విడవగానే తగ్గింది.

ఈసారి జ్వరం రాలేదు. మొదటి రోజు అడగలేదు, రెండో రోజు అడగలేదు. ధైర్యం వచ్చిందిలే అనుకున్నాను. పన్నెండో రోజు, ఆదివారం పొద్దున్న, దానికి జడ వేస్తూ నేనే కదిపాను.

"అమ్మమ్మ ఎక్కడుందే?"

"రాజమండ్రిలో. కుడి కన్ను ఆపరేషను. ఇరవయ్యారో తారీకున వస్తుంది," అంది. స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే గొంతులో ఉన్నంత తేటగా చెప్పింది.

"నీకు బెంగగా లేదూ?"

అద్దంలోంచి నా వైపు చూసింది. "బెంగంటే?"

నా చేతిలో జడ జారిపోయింది. ఆటలాడుతోందేమో అని మొహంలోకి చూశాను. ఆడట్లేదు. 'బెంగొచ్చిందే అమ్మమ్మా' అని ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చిన పిల్ల, ఆ మాట పరాయి భాషలోది అయినట్టు అడుగుతోంది. జవాబు కోసం బుద్ధిగా ఎదురుచూసింది కూడా.

మర్నాడు పొద్దున్నే ఈ సంగతి చెబితే కామాక్షి గారు ఒప్పుకోలేదు. "పిల్ల పెద్దదవుతోంది హైమా. అది ఏడవడం లేదని నువ్వు ఏడుస్తున్నావు," అన్నారు. సరే, ఇంకెవరినైనా అడుగుదామని ఆటో నడిపే నూకరాజు ఇంటికి వెళ్ళాం. వాళ్ళబ్బాయి లోవరాజు వకుళ తరగతే. నూకరాజు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

"ఆటో తిరగబడిందండి. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నానండి," అన్నాడు. "మావోడు ఒక్క పూటన్నా నాన్నేడీ అన్లేదంటండి. గుండె గట్టిపడిందండి ఆడికి, మీ దిండు పుణ్యమాని."

అతని భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "గుండె గట్టిపడ్డం కాదండి," అంది మెల్లగా. "ఈయన ఇంటికొచ్చేరా, ఆడు పుస్తకంలోంచి తలెత్తి చూసేడు, మళ్ళీ పుస్తకంలోకి చూసుకున్నాడు. కరెంటు బిల్లు ఇచ్చేవోడొస్తే కూడా అలాగే చూస్తాడండి."

శాలలోకి తిరిగి రాగానే కామాక్షి గారు అడిగారు, "మే నెల గీతలు వడపోయకముందువి ఉన్నాయా?"

ఉన్నాయి. ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి దాచే తల్లికి పుట్టాను, ఏదీ పారెయ్యలేను. వడపోత తీసేసి వకుళ మొదటి రాత్రి తెరిచాను. గొంతులు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి, కిటికీ బయట ఎండ మండిపోతుంటే, మా అమ్మ గొంతు గదిలోకి వచ్చింది. అనగనగా ఒక ట్రంక్ కాలు.

"ఊ."

మరక పడింది. కామాక్షి గారు తెర మీదకి వంగారు. "దీన్ని సాగదియ్యి," అన్నారు. సాగదీశాను. మరక మరక కాదు. దవడ కదలిక కింద, దానికన్నా ముందే మొదలై, ఒక చిన్న అల ఉంది. అమ్మ పట్టీ గీత పక్కన పెట్టి చూశాం. పిల్ల అల లేచిన అర సెకనుకి అమ్మ మెదడులో అచ్చం అలాంటి అలే లేచింది. మళ్ళీ ఊ, మళ్ళీ రెండు అలలు. సామర్లకోట దగ్గర, పిఠాపురం దగ్గర, ఒకరు పిలిస్తే ఒకరు పలుకుతున్నారు.

ఆ రాత్రి పదకొండు గంటల రెండు నిమిషాలకి వకుళ నిద్రపోయింది. అన్ని కొలతలూ ఆ మాటే చెబుతున్నాయి. గీతలు దిగిపోయాయి, కళ్ళు ఆగిపోయాయి. అమ్మ గొంతు, "తునిలో అడిగితే..." అంది.

"...ఊ."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిల్ల నిద్రపోయి అప్పటికి తొమ్మిది సెకన్లు. నిద్రపోయిన పిల్ల ఊ కొట్టింది.

మిగతా వాళ్ళవీ తెరిచాం. సాయంత్రం దాకా నలభై మందివీ విన్నాం. నలభై గొంతుల్లో నలభై చివరి ఊలు, ఆరు సెకన్ల తర్వాత కొందరివి, పద్నాలుగు సెకన్ల తర్వాత కొందరివి. ఒక్కటి కూడా మెలకువలో అన్నది కాదు. ఇంతకాలం ఇళ్ళల్లో పిల్లలు మన కళ్ళ ముందే నిద్రలోంచి పలుకుతున్నారు. వినడానికి పక్కనే పడుకున్నవాళ్ళం ఎవరమూ కనిపెట్టలేదు.

"తర్వాత ఏముంది?" అన్నారు కామాక్షి గారు.

చివరి ఊ తర్వాత రెండు నిమిషాల పాటు గీత మీద ఏవో గుర్తులు వరసగా లేచి పడ్డాయి. ఎక్కడో చూసిన గుర్తులే. మే నెలలోనే పిల్లలకి వాళ్ళ మనుషుల ఫొటోలు చూపించి, ఏ మొహం చూస్తే మెదడు ఏ గీత గీస్తుందో రాసి పెట్టుకున్నాం. ఆ కాగితం తెచ్చి పక్కన పెట్టాను. మొదటి గుర్తు అమ్మమ్మది. తర్వాతది నాది. తర్వాత పక్కింటి యామిని, బడిలో ఆయా. ఒక్కొక్కరూ వచ్చారు, ఒక్కొక్కరి దగ్గరా గీత ఒక్క క్షణం ఆగి, దిగి, ముందుకు వెళ్ళింది.

"హాజరు వేస్తోంది," అన్నారు కామాక్షి గారు. గొంతు గుసగుసలా వచ్చింది. "నిద్రలోకి వెళ్ళగానే తన మనుషులకి హాజరు వేస్తోంది హైమా."

తర్వాత మా ఆయన గుర్తు వచ్చింది. ఆ రాత్రి ఆయన సముద్రం మీద ఉన్నాడు. అక్కడ గీత లేచి, దిగలేదు. నిలబడింది. సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు. రాని మనిషి కోసం ఎనిమిదేళ్ళ పిల్ల నిద్రలో తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే గీత చూస్తున్నాను, కళ్ళు తిప్పుకోవాలనిపించలేదు. అంతటి వింత నా జన్మలో ఇంకోటి చూడలేదు.

దిండు రాత్రులవి తెరిచాం. పదకొండు సెకన్లలో నిద్ర. ఊ లేదు, అల లేదు, హాజరు లేదు. మేము చూసి మురిసిపోయిన ఆ నున్నదనం ఇదే.

కామాక్షి గారు కుర్చీలో వెనక్కి వాలారు. "హాస్టల్లో దీపాలు తీశాక నేను ఊ కొట్టుకునేదాన్ని. కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఊరికే, చీకట్లోకి, ఊ, ఊ అని. వార్డెను పిచ్చిపిల్ల అనేది. నేనూ అదేదో రోగమే అనుకున్నాను. హాజరు పట్టీలో రాని వాళ్ళ గడి కొట్టెయ్యకుండా ఖాళీగా ఉంచుకోవడమే బెంగంటే. నేను దాన్ని పీడకలల పక్కన రాసి, సున్నా వచ్చిందని కాజాలు పంచాను."

"మళ్ళీ వస్తుందా అండీ?" అన్నాను. నాకు కావలసింది ఆ ఒక్క జవాబే.

"తెలీదు. నడవని దారి పూడిపోతుంది. ఈ వయసులో మరీ తొందరగా. దిండు తీసేశాక నెలలోపు తెరుచుకుంటే తెరుచుకున్నట్టు. లేకపోతే..."

దిండ్లు వెనక్కి తీసుకోవడానికి ఇంటింటికీ తిరిగాం. తప్పు చేశామని చెప్పి చేతులు జోడించాం. కొందరు తిట్టి ఇచ్చారు, కొందరు ఇచ్చి తిట్టారు. నూకరాజు ఇవ్వనన్నాడు. "నిద్రపోతున్నాడు, చదువుకుంటున్నాడు. బెంగతో మాకేం పనండి?" అన్నాడు. మర్నాడు అతని భార్య కూరల సంచిలో అడుగున పెట్టుకుని తెచ్చి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ముప్పై మూడు వచ్చాయి. ఏడు రాలేదు. దాన్ని బయటినుంచి ఆపే మీట నేను పెట్టలేదు. ఆపాల్సిన రోజు వస్తుందని ఎవరనుకున్నారు? ఆ ఏడుగురి పేర్లు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

దిండు తీసేశాక నిద్ర సంగతి మళ్ళీ మొదటికొచ్చింది. వకుళ పదకొండు దాకా కళ్ళప్పగించి పడుకునేది. బడిలో తూగింది. జకరయ్య గారు ముఖం ముడుచుకున్నారు. అడ్డదారి పోయింది కాబట్టి పాత దారే పట్టాం. ఆరున్నరకి అన్నం, ఏడున్నరకి టీవీ, ఫోనూ కట్టెయ్యడం, ఎనిమిదింటికి చిన్న దీపం, ఆదివారమైనా సరే పొద్దున్న ఆరింటికి ఎండలో నిలబెట్టడం. రోజుకి పావుగంట చొప్పున నిద్ర ముందుకు జరిగింది. అదంతా పది రోజుల్లో కుదిరింది. కుదరంది ఊ ఒక్కటే.

అమ్మ నల్లద్దాలు పెట్టుకుని రాజమండ్రి నుంచి వచ్చింది. వకుళ తలెత్తి, "వచ్చావా," అని, మళ్ళీ బొమ్మకి రంగులు వేసుకుంది. అమ్మకి అంతా చెప్పాను, దాచకుండా. తిడుతుందనుకున్నాను. చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ, "అయితే లైను డెడ్డయిందన్నమాట," అంది. "తుఫానొస్తే వైర్లు తెగేవి కావూ? కలిసేదాకా కలుపుతాం. ఇంకేం చేస్తాం?"

ఆ రాత్రినుంచీ కథ మొదలెట్టింది. కాలు యానాంలో బయల్దేరింది. జవాబు లేదు. సామర్లకోట వచ్చింది. లేదు. వకుళ కప్పు వైపు చూస్తూ పడుకునేది, వింటోందో లేదో కూడా తెలిసేది కాదు. అమ్మ ప్రతి స్టేషను దగ్గరా ఊ పట్టేంత ఖాళీ వదిలేది. ఆ ఖాళీల్లో గోడ గడియారం తప్ప ఏమీ వినపడేది కాదు. గుమ్మం అవతల కూర్చుని నేను దిండు తీసేశాక గడిచిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. తొమ్మిది. పన్నెండు. పదిహేడు. లోవరాజు పదకొండో రోజున ఊ కొట్టాడని వాళ్ళమ్మ వచ్చి చెప్పింది. మరో తొమ్మిది మంది కొట్టారు. మా పిల్లకి దిండు అందరికన్నా ముందు పెట్టాను కదా, అందరికన్నా ఎక్కువ రోజులు పడుకుంది దాని మీద.

ఇరవై ఆరో రోజు అమ్మని బతిమాలాను. "కథ మార్చి చూడవే అమ్మా. విసుగొచ్చిందేమో."

"కాలు ఎవరి పేరు మీద బుక్కయిందో వాళ్ళకే కలపాలి. మధ్యలో మార్చేస్తే అదేం సర్వీసే?" అంది.

ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం కామాక్షి గారు పాత పట్టీలు రెండూ పట్టుకుని ఇంటికి వచ్చారు. మనవరాలికీ అమ్మమ్మకీ కట్టి, తెర ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర నా పక్కన కింద కూర్చున్నారు. ఎనిమిదిన్నర అయింది. కాలు బయల్దేరింది. యానాం, సామర్లకోట, పిఠాపురం. ఎక్కడా పలకలేదు. తుని వచ్చింది. అంతకుముందు రోజుల్లో అమ్మ అక్కడితో ఆపేసేది. ఆ రోజు ఆపలేదు.

"తునిలో కూడా సూరమ్మ లేదన్నారు. అప్పుడు కాలు ఏం చేసింది? వెనక్కి పోలేదు. ఆపరేటరుతో అంది కదా, అమ్మా, ఎంతసేపైనా పరవాలేదు, నేను లైన్లోనే ఉంటాను, ఆవిడ వచ్చేదాకా లైను కట్ చెయ్యకండి అంది."

గడియారం వినపడింది. వకుళ కళ్ళు మూసుకుపోయాయి. తెర మీద గీతలు దిగిపోతున్నాయి. నిద్రపోయింది. కామాక్షి గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఓదార్పే అనుకున్నాను. రేపూ ఎల్లుండీ తీస్తే నెల అయిపోతుంది.

"నేను లైన్లోనే ఉన్నానే," అంది అమ్మ, ఇంకా లోగొంతుకతో. ఎవరి మాటో ఆవిడకే తెలియాలి, కాలు అన్నదో, తను అన్నదో.

"...ఊ."

కామాక్షి గారి గోళ్ళు నా చేతిలో దిగాయి. తెర మీద చిన్న అల లేచింది. అర సెకనుకి అమ్మ గీత మీద దాని జోడు లేచింది. తర్వాత మొదలైంది. అమ్మమ్మ. నేను. యామిని. ఆయా. వాళ్ళ నాన్న గుర్తు దగ్గర గీత లేచి నిలబడింది, ఆయన పడవ మీద ఉన్నాడు. ఇరవై రెండు దాటింది. ముప్పై దాటింది. నలభై ఒకటికి దిగింది. ఇన్నాళ్ళ బాకీ అంతా నిలబడిందనుకుంటాను. కామాక్షి గారు తెర మీదకి వంగి, ఎవరికీ కాకుండా, ఏ కథకీ కాకుండా, "ఊ," అన్నారు.

అమ్మ నల్లద్దాలు తీసి కళ్ళొత్తుకుంది. "కలిసిందా?" అంది.

"కలిసిందమ్మా."

పొద్దున్న వకుళ ఆరింటికి లేవలేదు. ఏడింటికి లేపితే విసుక్కుంది. దుప్పటి మడత పెట్టలేదు, కాలితో తన్ని వెళ్ళింది. ఇడ్లీ తింటూ, "సూరమ్మ దొరికిందా అమ్మమ్మా?" అంది. "సాయంత్రం ఇంటికొచ్చాక చెప్తాను," అంది అమ్మ.

బడి గేటు దాకా బాగానే నడిచింది. గేటు దగ్గర ఆగింది. లోపలికి ఒక అడుగు వేసి వెనక్కి తిరిగి చూసింది. జూన్ నుంచీ అదే మొదటిసారి. పెదవి వణికింది. మరుక్షణం వచ్చి నా నడుం పట్టుకుని, వీధి వీధంతా వినపడేలా ఏడుపు అందుకుంది.

"ఏమయిందే?"

"అమ్మమ్మ మీద బెంగొస్తోందే..."

అమ్మమ్మ అక్కడికి నాలుగు వీధుల అవతల మా వంటింట్లో కాఫీ తాగుతోంది. పిల్లని ఎత్తుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, బరువు. నాకు నవ్వొస్తోంది, కన్నీళ్ళొస్తున్నాయి, ఏది ఆపాలో తెలియలేదు.

జకరయ్య గారు హాజరు పట్టీ చంకలో పెట్టుకుని గబగబా వచ్చారు. "ఏంటమ్మా ఇది? పిల్ల ఏడుస్తుంటే మీరు నవ్వుతారేంటండీ? ఇంటికి తీసుకెళ్ళిపోతారా? ఆబ్సెంటు వెయ్యమంటారా?"

"వద్దండీ మేష్టారూ," అన్నాను. "వేసుకోండి. మా పిల్ల హాజరు."